కీచురాయి చెవి కాలిలో ఎందుకుంది, ఆ కాలు ఊడిపోతే ఏమవుతుంది?

మీరు అడిగినవి ఇవి. కీచురాయికి చెవులు ముంగాళ్ళలో ఉంటాయన్నది నిజమేనా? నిజమైతే పోయిపోయి కాలిలోనే ఎందుకు? అంత దగ్గరగా ఉన్న రెండు చెవులతో శబ్దం ఎటునుంచి వస్తోందో ఎలా తెలుసుకుంటుంది? ఎంత మెల్లగా దగ్గరికి వెళ్ళినా పాట ఎందుకు ఆపేస్తుంది? చివరగా, మీరు డబ్బాలో పెంచుతున్న పిల్ల కీచురాయికి ఒక ముంగాలు ఊడిపోయింది, అది చెవిటిదైపోయినట్టేనా? ఇరవై ఏళ్ళకు పైగా ఈ పురుగుల్ని పెంచుతూ, వాటి కాళ్ళను మైక్రోస్కోపు కింద చూస్తూ ఉన్నాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను. ఓపికగా చదవండి.

చెవులు ముంగాళ్ళలో ఉన్న మాట నిజమే. ముందు మీ కళ్ళతో మీరే చూడండి. పెద్ద కీచురాయి ఒకదాన్ని సన్నటి గాజు గొట్టంలోకి ఎక్కించి, పదింతలు పెద్దదిగా చూపించే భూతద్దంతో దాని ముంగాలు చూడండి. మోకీలుకు కొంచెం కింద, కాలి వెనకవైపు, గుడ్డు ఆకారంలో తెల్లగా మెరిసే మచ్చ కనబడుతుంది. మిల్లీమీటరు కూడా ఉండదు. అదే కర్ణభేరి. ముందువైపు కూడా ఇంకొకటి ఉంటుంది కానీ అది చాలా చిన్నది, వినికిడిలో దాని పాత్ర తక్కువ. 1844లోనే జర్మన్ జంతుశాస్త్రవేత్త కార్ల్ తియోడర్ ఫాన్ సీబోల్డ్ ఈ జాతి పురుగుల కాళ్ళలోని వినికిడి అవయవాన్ని వర్ణించాడు. ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే చాలామంది పొరబడతారు. కీచురాయి కాళ్ళు రుద్దుకుని పాడదు. మగ కీచురాయి ఒక ముందు రెక్క మీదున్న పళ్ళవరసను ఇంకో రెక్క అంచుతో గీరి పాడుతుంది. కాలిని రెక్కకు రాసి చప్పుడు చేసేవి కొన్ని మిడతలు. ఆ మిడతల చెవులు కాళ్ళలో ఉండవు, పొట్ట మొదట్లో పక్కలకు ఉంటాయి.

కాలిలోనే ఎందుకు అన్న ప్రశ్న నాకు చాలా ఇష్టం. జవాబు కోసం చెవి సంగతి కాసేపు పక్కన పెట్టి, కాలిని కాలుగానే చూడాలి.

పురుగుకు ఎముకలు లేవు, పైనున్న గట్టి పెంకే దానికి అస్థిపంజరం. ఆరు కాళ్ళతో నడిచే జీవికి ఏ కాలు ఎంత మడిచి ఉంది, దేని మీద ఎంత బరువు పడుతోంది, ఏ పాదం నేలకు ఆనింది అన్నది క్షణక్షణం తెలుస్తూ ఉండాలి. అందుకని కాలి నిండా కొలతలు తీసే పనిముట్లే. పెంకులో అక్కడక్కడా అతి చిన్న గుండ్రటి బుడిపెలు ఉంటాయి, పెంకు వంగినప్పుడు అవి నొక్కుకుని బరువెంతో చెబుతాయి. కాలు ఒంటికి అతికే చోట పొట్టి వెంట్రుకల గుంపులు ఉంటాయి, కీలు తిరిగితే అవి వంగుతాయి. తాకిడి తెలిపే పొడవాటి వెంట్రుకలు వేరే. మిడతల పాదాల మీదైతే రుచి తెలిసే వెంట్రుకలు కూడా ఉంటాయి, అవి నిలబడ్డ చోటే ఆకు రుచి చూడగలవు.

వీటన్నిటిలో మన కథకు ముఖ్యమైనది తొడ లోపల దాగి ఉంది. అది నాడీకణాల కట్ట. దాని కొసన సన్నటి తాడులాంటిది ఉంటుంది, ఆ తాడు మోకీలు దగ్గర కింది కాలికి కట్టి ఉంటుంది. కాలు మడిస్తే తాడు సాగుతుంది, చాపితే వదులవుతుంది. ఆ లాగుడును బట్టి మోకీలు ఎంత వంగిందో నాడులకు తెలుస్తుంది. ఈ అవయవం ఎంత పని చేస్తుందో చూడాలంటే ఒక సులువైన దారి ఉంది. కీచురాయిని వేళ్ళ మధ్య మెత్తగా పట్టుకుని, కాళ్ళు ముడుచుకునేలా కాసేపు కదలనివ్వకుండా ఉంచితే అది చచ్చినట్టు బిగుసుకుపోతుంది. కింద పెట్టినా కొన్ని నిమిషాలు కదలదు. జపాన్ పరిశోధకులు పరీక్షించి చూస్తే ఆ బిగుసుకుపోవడాన్ని మొదలుపెట్టేదీ నిలబెట్టేదీ తొడలోని ఈ కట్టేనని తేలింది.

ఆ కట్టలోని ఒక్కో పోగును స్కోలోపీడియం అంటారు. ఈ ఒక్క పేరు గుర్తుపెట్టుకోండి, మిగతా అంతా దీని చుట్టూనే తిరుగుతుంది. ఒకటో రెండో నాడీకణాలు, వాటి కొస చుట్టూ సన్నటి పుల్లలతో అల్లినట్టుండే గొట్టం, దాని మీద టోపీ. టోపీ వైపు పెంకుకో పొరకో అతికి ఉంటుంది. రెండు కొసల మధ్య లాగుడు ఏమాత్రం మారినా నాడిలో సంకేతం పుడుతుంది. అంతే దాని పని. దేని వల్ల లాగుడు మారిందో దానికి అనవసరం.

ఇప్పుడు మోకీలు దాటి ఒక్క అడుగు కిందికి రండి. కింది కాలి మొదట్లో, ఆరు కాళ్ళలోనూ, ఇవే పోగులు విసనకర్రలా పరుచుకుని, కాలి లోపలి ద్రవంలోకి చాచుకుని ఉంటాయి. నేల అదిరితే ఆ అదురు పాదం మీదుగా కాలిలోకి ఎక్కి, లోపలి ద్రవాన్ని కదిలిస్తుంది. ద్రవంతోపాటు విసనకర్ర ఊగుతుంది, పోగులు సాగుతాయి. నేల ఎంత కదిలితే దీనికి తెలుస్తుందో వింటే నమ్మబుద్ధి కాదు. ఇలాంటి అవయవమే ఉన్న బొద్దింక మీద చేసిన కొలతల్లో, నానోమీటరు అంత కదలిక కూడా చాలని తేలింది. నానోమీటరంటే మిల్లీమీటరులో పది లక్షలో వంతు.

చెవి ఈ విసనకర్రకు పక్కనే ఉంది. ముంగాళ్ళలో మాత్రం ఇంకొన్ని పోగులు, లోపల సాగిపోయే గాలి గొట్టం గోడ మీద వరసగా పేర్చి ఉంటాయి. ఆ గొట్టానికి ఆనుకున్న చోట కాలి పెంకు పలచబడి పొరలా మారింది. గాలిలోని శబ్దానికి పొర అదురుతుంది, లోపలి పోగులకు ఆ అదురు అందుతుంది. అంటే కాలి వంపును కొలిచే పోగు, నేల అదురును పట్టే పోగు, గాలిలోని పాటను వినే పోగు, మూడూ ఒకటే పనిముట్టు. ఎక్కడ కట్టారు, దేనికి తగిలించారు అన్నదే తేడా. చెవి కాలిలోకి ఎలా వచ్చిందని మనం ఆశ్చర్యపోతాం కానీ, అక్కడ ముందునుంచీ ఉన్న పనిముట్టుకు పలచటి పొర, గాలి గొట్టం తోడయ్యాయి.

దీనికి నాకు తెలిసిన మంచి సాక్ష్యం గుహ కీచురాళ్ళు. ఇవి పాడవు. వీటి ముంగాళ్ళలో కర్ణభేరి లేదు, కానీ చెవి ఉండాల్సిన చోట పోగులు ఉన్నాయి, నేల అదురును పట్టుకుంటూ. అలాగే కీచురాళ్ళకు దగ్గరి చుట్టాలైన పొడుగు మీసాల మిడతల్లో నడిమి కాళ్ళు, వెనక కాళ్ళు చీల్చి చూస్తే, ముంగాలి చెవికి సరిసాటి పోగుల వరస అక్కడా కనబడుతుంది, కర్ణభేరి మాత్రం ఉండదు. ఇంకాస్త దూరం చూస్తే మిడతకు పొట్ట మీద, గొల్లభామకు ఛాతీ కింద నడిమధ్యలో ఒకే ఒక్క చెవి, ఎన్నో రాత్రి సీతాకోకచిలుకలకు ఛాతీ పక్కన. పురుగుల్లో చెవి చాలాసార్లు విడివిడిగా పుట్టింది. తెరిచి చూస్తే ప్రతి చోటా లోపల ఉన్నవి స్కోలోపీడియాలే. కీచురాళ్ళ వంశంలో కాలి చెవి పాతదే. అమెరికాలోని కొలరాడోలో దొరికిన దాదాపు 5 కోట్ల ఏళ్ళ నాటి శిలాజాల్లో, ఇప్పటి కీచురాళ్ళకు ఉన్న చోటే కాలి మీద చెవి స్పష్టంగా కనబడుతుంది.

ఇక దిక్కు సంగతి. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే ఇందులోని తెలివైన ఏర్పాటు చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

శబ్దం ఎటునుంచి వస్తోందో మనం రెండు విధాలుగా తెలుసుకుంటాం. దగ్గరి చెవికి శబ్దం కొంచెం ముందు చేరుతుంది, తల అడ్డం రావడం వల్ల దూరపు చెవికి కొంచెం తగ్గి చేరుతుంది. కీచురాయికి ఈ రెండూ అందవు. బాగా తెలిసిన జాతుల పాట దాదాపు 5,000 హెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకు 5,000 అదురుల దగ్గర ఉంటుంది. ఆ శబ్దపు తరంగదైర్ఘ్యం గాలిలో సుమారు 7 సెంటీమీటర్లు. దాని ముందు కీచురాయి ఒళ్ళు మరీ చిన్నది, అడ్డు నిలబడి నీడ పరచలేదు. రెండు చెవుల మధ్య దూరం సుమారు ఒక సెంటీమీటరు అనుకుంటే, శబ్దం చేరే సమయంలో తేడా, సెకనును పది లక్షల భాగాలు చేస్తే, ఎంత ఎక్కువైనా అందులో 30 భాగాలు మించదు. అయినా ఆడ కీచురాయి చీకట్లో గడ్డిలో నడుచుకుంటూ పాడే మగదాని దగ్గరికి సూటిగా చేరుకుంటుంది.

ఇది చూపు వల్లో వాసన వల్లో కాదా అన్న అనుమానం ఒకప్పుడు ఉండేది. స్లోవేనియాలో పుట్టి వియన్నాలో పనిచేసిన ఇవాన్ రేగన్ 1913లో దాన్ని చక్కగా తేల్చాడు. మగ కీచురాయిని ఒక చోట ఉంచి, దాని పాటను టెలిఫోనులో ఇంకో చోటికి పంపాడు. అక్కడున్న ఆడది టెలిఫోను రిసీవరు దగ్గరికి నడిచి వచ్చింది. అక్కడ మగ పురుగు లేదు, దాని వాసన లేదు, తీగ మీద వచ్చిన చప్పుడు మాత్రమే ఉంది.

మరి రెండు చిన్న చెవులకు అదెలా సాధ్యం? నేను పైన చెప్పిన గాలి గొట్టమే అసలు రహస్యం. అది కాలిలో ఆగిపోదు. తొడ గుండా పైకి వెళ్ళి ఛాతీలోకి చేరి, అదే పక్కన ఒంటి మీదున్న శ్వాసరంధ్రంలో తెరుచుకుంటుంది. అంతేకాదు, కుడి గొట్టం ఎడమ గొట్టం ఛాతీ మధ్యలో కలుసుకుంటాయి, ఆ కలిసే చోట చాలా పలచటి పొర అడ్డంగా ఉంటుంది. కాబట్టి శబ్దం కర్ణభేరిని బయటనుంచి ఒక్కసారి తాకి ఊరుకోదు. అదే పక్క శ్వాసరంధ్రంలోంచి దూరి లోపలినుంచీ తాకుతుంది. అవతలి పక్క శ్వాసరంధ్రంలోంచి దూరి, మధ్య పొరను దాటుకుని వచ్చి కూడా తాకుతుంది. ఒకే శబ్దం వేర్వేరు దారుల్లో, వేర్వేరు ఆలస్యాలతో ఒకే పొర రెండు ముఖాల మీద పడుతుంది.

పొర రెండు వైపులా ఒకే సమయంలో ఒకే ఒత్తిడి పడితే అది కదలదు. బయటినుంచి నొక్కుడు, లోపలినుంచి లాగుడు ఒకేసారి కలిస్తే బాగా కదులుతుంది. ఏ పక్కనుంచి శబ్దం వచ్చిందో దాన్నిబట్టి ఈ దారుల ఆలస్యాలు మారతాయి. శబ్దం వచ్చిన వైపు చెవిలో అవి కలిసొస్తాయి, అవతలి చెవిలో ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. అంటే కాలంలో ఉన్న ఆ అతి చిన్న తేడాను ఒళ్ళే బలంలో పెద్ద తేడాగా మార్చి నాడులకు అందిస్తుంది. మెదడు లెక్క కట్టకముందే సగం పని గొట్టంలో అయిపోతుంది. డెన్మార్క్‌కు చెందిన ఆక్సెల్ మికెల్సన్, ఆయన తోటివారు 1990లలో ఈ దారులను ఒక్కొక్కటిగా కొలిచి చూపించారు. ఈ ఏర్పాటు అన్ని స్వరాలకూ ఒకేలా పనిచెయ్యదు. మధ్య పొర దాటే ఆలస్యం స్వరాన్ని బట్టి మారుతుంది, తన జాతి పాట ఉన్న స్వరం దగ్గరే దిక్కు బాగా తెలుస్తుంది. ఆ పొరకు చిల్లు పెడితే దిక్కు తెలిసే శక్తి బాగా తగ్గిపోతుంది.

ఇక్కడినుంచి సంకేతాలు ఛాతీలోని నాడీముడికి వెళతాయి. ఒక్కో చెవిలో ఉన్నది సుమారు 60, 70 నాడీకణాలే. మనిషి ఒక్కో చెవిలో శబ్దాన్ని పట్టే కేశకణాలు దాదాపు 15,000 ఉంటాయని గుర్తుచేసుకుంటే ఇది ఎంత పొదుపో తెలుస్తుంది. నాడీముడిలో కుడి ఎడమ జంటగా రెండు కణాలు ఒకదాన్నొకటి అణచివేసుకుంటూ, గట్టిగా విన్న వైపు ఇంకా గట్టిగా, మెల్లగా విన్న వైపు ఇంకా మెల్లగా చేస్తాయి. అక్కడినుంచి మెదడుకు పోయే కణాల్లో ఒకటి 5,000 హెర్ట్జ్ పాటకు బాగా పలుకుతుంది, ఇంకొకటి అతిధ్వనికి, అంటే మనిషి చెవికి అందనంత హెచ్చు స్వరానికి. గబ్బిలాలు వేటకు వేసే కూతలు అలాంటివే, కాబట్టి అతిధ్వని అంటే కీచురాయికి గబ్బిలం. ఎగురుతున్న కీచురాయి ఆ చప్పుడు వింటే వెంటనే పక్కకు తప్పుకుంటుంది. పసిఫిక్ ప్రాంతపు కీచురాయి మీద 1996లో వచ్చిన పరిశోధనలో, అది స్వరాలను దాదాపు 13,000 నుంచి 16,000 హెర్ట్జ్ మధ్య ఒక గీత గీసినట్టు విడదీస్తుందని తేలింది. గీతకు ఇవతల ఉన్నది పాట, అవతల ఉన్నది ప్రమాదం.

కీచురాయి పాట దాని దగ్గరే కొలిస్తే 100 డెసిబెల్స్ దాకా ఉంటుంది, మరి తన పాటకు తన చెవే మొద్దుబారదా అని మీకు సందేహం రావచ్చు. రెక్కలకు ఆజ్ఞ వెళ్ళిన ప్రతిసారీ ఒక ప్రత్యేక నాడీకణం చెవి దారికి కూడా కబురు పంపి, ఆ కాస్త సేపు దాన్ని అణచి ఉంచుతుంది. కేంబ్రిడ్జ్‌లో జేమ్స్ పౌలెట్, బెర్తోల్డ్ హెడ్విగ్ 2006లో ఆ ఒక్క కణాన్ని పట్టుకున్నారు. పాటలో రెండు పలుకుల మధ్య చెవి మళ్ళీ తెరుచుకుంటుంది, కాబట్టి బయటి చప్పుడు దాటిపోదు.

మీరు మెల్లగా వెళ్ళినా పాట ఆగిపోవడానికి కారణం చాలావరకు చెవి కాదు. మీ అడుగు గాలిలో చేసే చప్పుడు తక్కువే, నేలలోకి పంపే అదురు ఎక్కువ. ఆరు కాళ్ళలోని విసనకర్రలు దాన్ని పట్టేస్తాయి. పైగా పొట్ట చివర తోకల్లా ఉండే రెండు కొమ్ముల మీద పొడవాటి వెంట్రుకలు ఉంటాయి, అవి గాలి కదలికకే ఊగుతాయి. మీరే పరీక్షించండి. డబ్బాను బల్ల మీద పెట్టి, అది పాడుతున్నప్పుడు బల్ల అవతలి కొస మీద వేలితో మెత్తగా తట్టండి. తర్వాత డబ్బా కింద మందపాటి స్పాంజి వేసి, అదే బలంతో తట్టండి. నా దగ్గర రెండో సారి చాలా కీచురాళ్ళు పాట ఆపకుండా పాడుతూనే ఉండేవి. గాలిలో చప్పుడు రెండు సార్లూ ఒకటే, మారింది నేల అదురు మాత్రమే.

ఇప్పుడు మీ కీచురాయి సంగతి. టెన్షన్ పడకండి. ఒక ముంగాలు పోతే పోయేది ఒక చెవే, రెండో చెవి వింటూనే ఉంటుంది. దానికి కష్టమయ్యేది దిక్కు. ఒక చెవి పోయిన ఆడ కీచురాయి పాట వింటే, వినబడే చెవి వైపే తిరుగుతూ గుండ్రంగా నడుస్తుంది. కొన్ని మాత్రం మెల్లగా సర్దుకుని మళ్ళీ పాట దగ్గరికి చేరగలుగుతాయి. మగదైతే పాటకు ఏ లోటూ రాదు, రెక్కలు బాగానే ఉన్నాయి కదా.

లోపల జరిగేది ఇంకా అబ్బురం. చెవి పోయిన వైపు నాడీముడిలోని కణం సంకేతాలు రాక ఖాళీగా ఉండిపోదు. దాని కొమ్మలు, మామూలుగా ఎప్పుడూ దాటని నడిమి గీతను దాటి అవతలి పక్కకు పెరిగి, బతికున్న చెవినుంచి వచ్చే నాడులతో కలుస్తాయి. పూర్తిగా పెద్దయిన కీచురాళ్ళలో కూడా కొన్ని రోజుల్లో ఇది జరుగుతుంది. దెబ్బతిన్న నాడులు మళ్ళీ దారి ఎలా వెతుక్కుంటాయో తెలుసుకోవాలనుకునే శాస్త్రవేత్తలకు కీచురాయి మీద అంత ఆసక్తి ఉండడానికి ఇదొక కారణం.

మీది పిల్ల కీచురాయి అన్నారు కాబట్టి ఇంకో మంచి మాట. కుబుసం విడవడం ఇంకా మిగిలి ఉంటే కాలు మళ్ళీ మొలుస్తుంది. వీపు మీద రెక్కలు ఇంకా పొట్టి ముక్కల్లా ఉన్నాయా, పొట్టను కప్పేంత పెరిగాయా చూడండి. పొట్టిగా ఉంటే అవకాశం ఉన్నట్టే. పూర్తిగా పెరిగి ఉంటే ఇక కుబుసం లేదు, కాలు రాదు. చిన్న వయసులోనే కాలు ఊడితే, మధ్యలో ఎక్కువ కుబుసాలు ఉంటాయి కాబట్టి కొత్త కాలు బాగా పెరుగుతుంది. అందులో కర్ణభేరి కూడా ఏర్పడవచ్చు, కానీ వినికిడి అసలు కాలంత పదునుగా ఉండకపోవచ్చు. అంతదాకా దాన్ని వేరే డబ్బాలో ఒంటరిగా ఉంచండి. కుబుసం విడిచినప్పుడు ఒళ్ళు మెత్తగా ఉంటుంది, తోటి కీచురాళ్ళు కొరికి తినేస్తాయి. పట్టుకుని వేలాడడానికి గరుకు అట్టముక్క ఒకటి నిలబెట్టండి, ఒక మూల తడి దూది పెట్టండి. ఊడిన చోట వేలు పెట్టి చూడకండి.

ప్రతి కుబుసం తర్వాత ఒళ్ళు గట్టిపడేదాకా ఒక రోజు ఆగి, భూతద్దంతో కొత్త కాలి మోకీలు కింద వెనకవైపు చూడండి. పిల్ల పురుగుల్లో మామూలు కాలి మీద కూడా ఆ తెల్ల మచ్చ ముందునుంచీ ఉండదు, పెద్దవుతున్నకొద్దీ తేలుతుంది. కాబట్టి మొదట్లో కనబడకపోతే నిరాశపడకండి, రెండో ముంగాలితో పోల్చి చూడండి. ఏ కుబుసం తర్వాత ఏ కాలిలో మచ్చ తేలిందో తేదీ వేసి రాసి పెట్టుకుని, పెద్దయ్యాక ఇక్కడ చెప్పండి. నాకూ తెలుసుకోవాలని ఉంది.